తొలి తెలుగు చిత్రదర్శకులు రఘుపతి సూర్యప్రకాశ్

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టినచోట నీరు సన్నని ధార. ముచుకుందుని పేర పెద్దలు చెప్పుకొనునట్టి ఆ నీరే హైదరాబాదు నగరము నడుమగా సాగిపోయి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియునాటికి పెద్దనదియగును. నది వెడల్పును చూచువారు వేలకొలదిగా నుందురు. పుట్టుకను చూడబోవువారు కొందరే. తెలుగు చలనచిత్రము సంగతియు నట్టిదే. తాండూరునందును వికారాబాదునందును చిన్నబిడ్డలు సైతము తారల పేళ్ళు వరుసగా చెప్పగలరు. కాని తెలుగువాడు తీసిన మొదటి కథాచిత్రమేది, దానిని తీసినవారెవరు, ఆ విద్య వారికెక్కడ లభించెను అని యడిగినచో పెద్దలును తడబడుదురు. ఆ చిత్రము 1921వ సంవత్సరమున మద్రాసులో తయారైన భీష్మప్రతిజ్ఞ. తీసినవారు రఘుపతి సూర్యప్రకాశ్ గారు. విద్య లభించినది సముద్రములకావల, లండను నగరమున.

ప్రకాశ్ గారి కథను వారి తండ్రిగారితో మొదలుపెట్టక తప్పదు. రఘుపతి వెంకయ్య గారు 1869లో బందరున జన్మించి, యౌవనమునందే మద్రాసు చేరి, మౌంటురోడ్డున ఫోటో స్టూడియో నెలకొల్పి, ఛాయాగ్రాహకులుగా పేరును ధనమును గడించిరి. స్థిరపడిన వ్యాపారమును పణముగా నొడ్డువారు లోకమున అరుదు. వెంకయ్య గారు ఆ పనియే చేసిరి. ఫ్రాన్సు దేశపు గోమాంట్ సంస్థవారి క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చి విని, స్టూడియోను తాకట్టుపెట్టి, 30,000 రూపాయలు వెచ్చించి దానిని కొనిరి. ఈ యంత్రమున తెరపై బొమ్మ కదలుచుండగా దానికి సరిగా గ్రామఫోను పలక పాడుచుండును. అదిమిపెట్టిన గాలి బలముచేత ఆ శబ్దము పెద్ద హాలునిండ వినబడును. ఒక్కొక్క చిత్రము ఆ పలక తిరిగినంతసేపే, అనగా కొలది నిమిషములే. 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలున దీనిని ప్రదర్శించి, పిమ్మట సింహళమునకును, తెలుగు కూలీలును వర్తకులును వేలకొలదిగా నివసించుచుండిన బర్మాకును కొనిపోయి వెంకయ్య గారు ప్రదర్శనములిచ్చిరి. తిరిగివచ్చి 1914లో గెయిటీ అను హాలును కట్టించిరి. మద్రాసులో భారతీయుడు కట్టించిన తొలి సినిమాహాలు అదియే. తరువాత క్రౌన్, గ్లోబ్ అను హాళ్ళును వారివే వెలసినవి.

1901లో మద్రాసునందు జన్మించిన ప్రకాశ్ గారు ఈ సందడి నడుమ పెరిగిరి. తండ్రి హాళ్ళలో తెరపై నాడినవి చాలవరకు అన్యదేశపు బొమ్మలు. అక్కడి వీథులు, అక్కడి వేషములు, అక్కడి కథలు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే గారి రాజా హరిశ్చంద్ర బొంబాయిలో విడుదలయ్యెను. ఫాల్కే గారును అంతకు ముందటి యేడు లండనుకు పోయి, కెమేరా కొని, పని తెలిసికొని వచ్చినవారే. మద్రాసులోను కొలది యేండ్లకు నటరాజ మొదలియారు గారు కీచకవధము తీసిరి. కావున మన కథలను తెరకెక్కించుట సాధ్యమేనని తేలిపోయెను. మిగిలినది ఒక్కటే: తీయుట యెరిగినవాడు ఇంటనుండవలెను. మనదేశమున అప్పటికి ఈ విద్య నేర్పు పాఠశాల లేదు. వెంకయ్య గారు కుమారుని సీమకు పంపిరి. అప్పటికి ప్రకాశ్ గారికి పదునేడేండ్ల ప్రాయము.

లండను పడమటి అంచున ఈలింగ్ అను పేట కలదు. అచ్చట విలియం బార్కర్ అను నాతడు 1907 ప్రాంతమున చిత్రశాల కట్టించి, బార్కర్ మోషన్ ఫోటోగ్రఫీ అను సంస్థను నడపుచుండెను. నేటికిని ఆ ఈలింగ్ ప్రదేశమున స్టూడియో నడచుచునే యున్నది. బార్కర్ గొప్ప సమూహ దృశ్యములకు పేరుపడినవాడు. 1915లో తీసిన జేన్ షోర్ అను చారిత్రక చిత్రమున వేలకొలది మనుష్యులను పోగుచేసి యుద్ధరంగములను తీయించెను. ప్రకాశ్ గారు 1918 ప్రాంతమున ఈ సంస్థయందు చేరి పని నేర్చిరి. పిదప జర్మనీ, అమెరికా దేశముల చిత్రశాలలను దర్శించిరి.

ఆ కాలము ఐరోపా చిత్రకళకు మేలుకొలుపు కాలము. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినది. జర్మనీ యోడినది, రూప్యము విలువ నానాటికి పడిపోవుచున్నది. అట్టి దుస్థితిలోనే ఆ దేశమువారు చలనచిత్రమును చిత్రలేఖనముతో సమానమగు కళగా తీర్చుచుండిరి. 1917లో ఊఫా అను పెద్ద సంస్థ యేర్పడెను. 1919లో లూబిచ్ అను దర్శకుడు ఫ్రెంచి విప్లవమును కథగా గైకొని జనసముద్రమును తెరపై నిలిపెను. 1920లో వెలువడిన డాక్టర్ కాలిగరీ చిత్రమున గోడలు వంకరగా నిలిచినవి. నీడలు దీపముచేత పడక రంగుతో నేలపై వ్రాయబడినవి. మనుష్యుని మనస్సులోని భీతి తెరమీది యింటి గోడలకు సంక్రమించినది. కొలది యేండ్లకు మూర్నౌ అను మహాదర్శకుడు కెమేరాను పీటపై కదలక నిలుపు పద్ధతిని విడిచి, దానిని నడిపించి, మెట్లు దింపి, చూచువాని కన్నుగా మార్చెను. 1924లో అతడు తీసిన చిత్రమొకటి మాటల అట్టలు దాదాపు లేకయే కథ చెప్పగలిగెను. ప్రకాశ్ గారు పడమటి దేశములలో తిరిగినది ఈ విత్తులు మొలకెత్తుచున్న దినములలో. బొమ్మకు వెలుతురే భాషయను మాట ఆ దేశములలో నప్పటికి పాతబడినది, మద్రాసుకు క్రొత్త.

స్వదేశమునకు వచ్చిన కుమారునితో కలిసి వెంకయ్య గారు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను చిత్రనిర్మాణ సంస్థను స్థాపించిరి. మద్రాసులోని పురశవాకమున స్టూడియో వెలసెను. జనులు దానిని గ్లాస్ స్టూడియో అనిరి. ఆ పేరు వింతగా తోచవచ్చును గాని, అందు శాస్త్రమున్నది. ఆనాటి ఫిలుమునకు వెలుతురు విశేషముగా కావలెను. విద్యుద్దీపములు చాలవు. ఎండలో తీయుదమన్న ఎండ నెత్తిమీద పడి కన్నులక్రింద నల్లని గుంటలు చేయును. గాలికి దృశ్యపు గుడ్డలు రెపరెపలాడును. పారిస్ చెంత మేలియేస్ అను ఇంద్రజాలికుడు 1897లోనే దీనికి ఉపాయము కనిపెట్టెను. గోడలును కప్పును గాజుతో కట్టి, లోపల పలుచని తెల్లగుడ్డలు పరచి, ఎండను వడగట్టి వాడుకొనుట ఆ ఉపాయము. వడగట్టిన యెండ ముఖముపై సమముగా పరచుకొనును. ఈ పద్ధతియే పురశవాకమునకు వచ్చెను. అయితే పారిస్ ఎండ వేరు, మద్రాసు ఎండ వేరు. గాజుటింటిలో వేసవి మధ్యాహ్నము కిరీటములు, కేయూరములు, పట్టుబట్టలు ధరించి నిలువబడిన నటుల యవస్థ ఊహింపదగినదే.

ఫిలుము స్వభావమును గూర్చి యొక మాట చెప్పవలెను. నాటి ఫిలుము ఎరుపు రంగును గ్రహింపజాలదు. ఎరుపు తెరపై నలుపగును. నీలమును మిక్కిలిగా గ్రహించును. నీలము తెరపై తెలుపగును. కావున కుంకుమబొట్టు నల్లగా కనబడును. నీలాకాశము సున్నము కొట్టిన గోడవలె తోచును. నీలమేఘశ్యాముడైన శ్రీమన్నారాయణుని వేషధారికి శాస్త్రప్రకారము నీలివర్ణము పూసినచో తెరపై నాతడు తెల్లనివాడై కూర్చుండును! ఐరోపావారు తమ ముఖచ్ఛాయలకు, తమ వస్త్రములకు లెక్కలు కట్టుకొనియుండిరి. మన వర్ణములకు, మన నగలకు, మన దేవతలకు లెక్క క్రొత్తగా కట్టవలసియుండెను. సీమనుండి యంత్రము ఓడలో దిగును గాని, ఈ లెక్క దిగదు. అది ఇక్కడనే, ఫిలుము పాడుచేసికొని, డబ్బు పోగొట్టుకొని నేర్వవలసినది.

భీష్మప్రతిజ్ఞయందు ప్రకాశ్ గారు దర్శకత్వముతోపాటు భీష్ముని పాత్రను గూడ ధరించిరి. గంగ పాత్రను పెగ్గీ కాస్టెలో అను దొరసాని ధరించెను. కులస్త్రీలు నాటకములందును కనబడుట దోషమని తలచినకాలమది. రంగస్థలమున స్త్రీపాత్రలను పురుషులే వేయుట అలవాటు. నాటకశాలలో దూరమునుండి చూచినప్పుడు ఆ వేషము చెల్లును. కెమేరా ముఖము దగ్గరకు వచ్చునప్పుడు చెల్లదు. కనుకనే ఫాల్కే గారి హరిశ్చంద్రలో పురుషుడు తారామతి కాగా, మద్రాసు చిత్రమున భాగీరథికి దొరసాని రూపము దొరకెను. ఇది మహాభారతపు ఆదిపర్వమును చదివినవారికి చిత్రముగా నుండవచ్చును. కాని ఆ దొరసాని లేనిచో గంగయే లేదు.

ఈ కథను మొదట తీయుటకు ఎంచుకొనుటలో పొందికయున్నది. దేవవ్రతుడు తండ్రి కోరిక తీర్చుటకై తన రాజ్యమును, తన గృహస్థాశ్రమమును విడిచినవాడు. తండ్రి వాంఛితమును నెరవేర్చుటకై బాల్యము దాటీదాటకయే సముద్రమును దాటి, పరదేశమున కూలివానివలె పని నేర్చి వచ్చిన కుమారునికి ఆ పాత్ర తగినదే. ఇంటిలోని కథ, పురాణములోని కథ యొక్కచోట కలిసినవి.

తరువాత మత్స్యావతారము, నందనార్, గజేంద్రమోక్షము, సముద్రమథనము మున్నగు చిత్రములు ఆ సంస్థనుండి వెలువడినవి. ఈ పేళ్ళు చదివినవారికి వెంటనే యొక సందేహము కలుగక మానదు. మకరి నోట చిక్కిన కరిరాజును, గరుడారూఢుడై ఆకాశమునుండి దిగి వచ్చు విష్ణువును పోతనగారు పద్యములో చూపగలరు. కెమేరా ఎట్లు చూపును? కవికి పదము చాలును. కెమేరాకు ఎదుట వస్తువుండవలెను. ఇక్కడనే ఐరోపాలో పుట్టిన కెమేరా ఉపాయములు పురాణమునకు దాసులై నిలిచినవి.

ఆ యుపాయములలో ముఖ్యమైనది ముసుగు. లెన్సుకు ముందు నల్లని అట్టముక్క నుంచి సగము మూసి, మిగిలిన సగముపై ఒక దృశ్యమును తీయుదురు. పిమ్మట ఫిలుమును వెనుకకు త్రిప్పి, మొదట మూసిన సగమును తెరచి, తీసిన సగమును మూసి, మఱొక దృశ్యమును తీయుదురు. రెండును ఒకే ఫిలుముపై ప్రక్కప్రక్కన కుదురుకొనును. ఒక సగమున సరోవరము, మఱొక సగమున వైకుంఠము. ఒకే నటుడు తనతో తాను మాటలాడవచ్చును. నల్లని తెర ముందు దేవతను నిలిపి, అదే ఫిలుముపై రెండవమారు భక్తుని తీసినచో, దేవత గాలిలో తేలివచ్చినట్లు కనబడును. కెమేరాను ఆపి, మనిషిని తొలగించి మరల నడిపినచో ఆతడు అంతర్ధానమగును. పిడిని మెల్లగా త్రిప్పి తీసినచో తెరపై గమనము వేగమగును.

వినుటకు సులభముగా నున్న ఈ పని చేతికి కష్టము. ఆనాటి కెమేరాకు మోటారు లేదు. చేతిపిడి మాత్రమే కలదు. పిడిని ఒక్కమారు త్రిప్పిన ఎనిమిది బొమ్మలు పడును. సెకనుకు రెండు త్రిప్పులు, పదునారు బొమ్మలు. పదునారు బొమ్మలకు ఫిలుము ఒక అడుగు. వేయి అడుగుల రీలులో 16,000 బొమ్మలు. ఆ వేగమున తెరపై పదునేడు నిమిషములకు సరిపోవును. ముసుగు వేసి తీయునప్పుడు ఎన్ని త్రిప్పులు త్రిప్పిరో నోటితో లెక్కించి, చీకటిలో సరిగా అన్నియే వెనుకకు త్రిప్పవలెను. లెక్క ఒక్క త్రిప్పు తప్పిన, గరుత్మంతుడు దిగవలసిన క్షణమునకు దిగడు. అట్టముక్క వెంట్రుకవాసి జరిగిన, వైకుంఠమునకును కొలనునకును నడుమ నల్లని గీత పడును. తప్పు జరిగిన సంగతి ఫిలుము కడిగినపిదప గాని తెలియదు. అప్పటికి వేషధారులు ఇండ్లకు పోయియుందురు; ఖర్చు పద్దులో పడియుండును. ప్రకాశ్ గారు దర్శకులే గాక కెమేరా పనియు బాగుగా నెరిగినవారు. కనుకనే ఇట్టి కథలకు సాహసింపగలిగిరి.

మూకీ అనగా మూగబొమ్మ. అయినను ఆ హాలు మూగది కాదు. నడుమనడుమ అట్టలపై వ్రాసిన మాటలు తెరపై వచ్చును. చదువు వచ్చినవారు తక్కువ. కావున తెరప్రక్కన నొకడు నిలిచి కథ చెప్పుచుండును; వాద్యములు మ్రోగుచుండును. మద్రాసున నదే హాలులో తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కలిసి కూర్చుండి చూచిరి. భాష అట్టమీదనే గాని బొమ్మలో లేదు. అందువలన ప్రకాశ్ గారి మూకీలు తెలుగువారి చేతిపనియైనను దక్షిణదేశమంతటికి చెందినవి. నందనార్ తమిళుల భక్తుడు, గజేంద్రుడు అందరివాడు.

సరిగా ఆ దినములలోనే నిజాము రాజధానియందును ఇట్టి ప్రయత్న మొకటి జరిగెను. హైదరాబాదులో నంతకుముందు చిత్రలేఖనోపాధ్యాయులుగా నుండిన ధీరేంద్రనాథ గంగూలీ అను బెంగాలీ పెద్దమనిషి 1921లో కలకత్తాయందు సీమనుండి తిరిగివచ్చిన యువకుని వెక్కిరించుచు హాస్యచిత్రమొకటి తీసి పేరుపొందిరి. 1922లో హైదరాబాదుకు వచ్చి లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి చిత్రములు తీసిరి. రెండేండ్లకే, రజియా బేగము చిత్రమును ప్రదర్శించినందులకు ప్రభువునకు ఆగ్రహము కలుగగా, రాజ్యమును విడిచి పోవలసివచ్చెను. తాండూరు, వికారాబాదుల మీదుగా 1874 నుండి రైలు నడచుచుండెను. బొంబాయి నుండి వచ్చు ఫిలుము పెట్టెలకు అదియే త్రోవ. ప్రభుత్వపు దయ యుండినచో మూకీల నాడే తెలంగాణమున చిత్రపరిశ్రమ నాటుకొనియుండెడిదేమో. మద్రాసున ప్రకాశ్ గారికి ప్రభువు భయము లేకపోయెను. వారికున్న భయము వేరు. అది లెక్కల భయము.

చిత్రము తీయుట ఒక యెత్తు, పెట్టిన డబ్బు రాబట్టుకొనుట మఱొక యెత్తు. అన్యదేశపు చిత్రములు, ముఖ్యముగా అమెరికా చిత్రములు, తమ దేశమునందే ఖర్చంతయు రాబట్టుకొని, ఇక్కడకు తక్కువ అద్దెకు వచ్చును. మద్రాసులో తీసిన చిత్రము ప్రతి పైసను ఇక్కడి హాళ్ళనుండియే తెచ్చుకొనవలెను. హాళ్ళు కొలది, ప్రతులు తీయించు ఖర్చు పెద్దది. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కొన్ని యేండ్లకు నిలిచిపోయెను. ఛాయాచిత్రములచేత, హాళ్ళచేత తండ్రి సంపాదించినదంతయు ఈ చిత్రముల పునాదిలో పడెను. తండ్రి కొడుకులలో నెవ్వరును దీనితో విరమింపలేదు. ప్రకాశ్ గారు ఇతర సంస్థలలో పనిచేసిరి. 1929లో ఎ. నారాయణన్ గారు మద్రాసున జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్ స్థాపింపగా, అందు దర్శకులై కోవలన్ మున్నగు చిత్రములను తీసిరి.

ఇంతలో టాకీ వచ్చెను. 1931లో ఆలం ఆరా, కాళిదాసు. 1932 ఫిబ్రవరిలో భక్త ప్రహ్లాద. తెరపై మనుష్యులు పాడుచుండ, మూగబొమ్మను చూచువారెవరు? పదేండ్లు కష్టపడి నేర్చిన నీడల విద్య, ముసుగుల విద్య ఒక్క యేటిలో వెనుకబడెను. కెమేరా చప్పుడు మైకులో పడునను భయముచేత దానిని పెట్టెలో బంధించిరి. కదలనేర్చిన కెమేరా మరల కదలక నిలిచిపోయెను. నాటకములనుండి పద్యములు పాడువారు వచ్చి తెరను ఆక్రమించిరి. ప్రకాశ్ గారు క్రొత్త విద్యకు తలయొగ్గిరి. 1938లో తమిళమున అనాథైప్పెణ్, 1940లో తెలుగున చండిక, బారిష్టరు పార్వతీశం, 1941లో తారాశశాంకము, 1951లో మాయపిల్ల వారి టాకీలలో కొన్ని. ఆ కాలమున బి. ఎన్. రెడ్డి, గూడవల్లి రామబ్రహ్మము ప్రభృతులు తీసిన సాంఘిక చిత్రములకు వచ్చిన కీర్తి ఈ టాకీలకు రాలేదు. ఉన్నమాట చెప్పుకొనవలెను. మూకీల శిల్పి మాటల యుగమున సామాన్య దర్శకులలో నొకడుగా మిగిలెను.

వీనిలో బారిష్టరు పార్వతీశమును గూర్చి మాత్రము ఆగి చెప్పుకొనదగును. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఆ హాస్యరచన గ్రంథాలయములకు పోవు ప్రతి తెలుగువాడు ఎరిగినదే. లోకము తెలియని మొగలితుఱ్ఱు కుఱ్ఱవాడు బారిష్టరు చదువుటకై సీమకు బయలుదేరును. రైలులో, ఓడలో, పరదేశపు వీథులలో అడుగడుగున తికమకపడును. దానిని తెరకెక్కించిన దర్శకులు స్వయముగా పదునేడేండ్ల ప్రాయమున ఆ త్రోవనే పోయినవారు. కొత్త దేశమున మొదటి దినపు దిగులు, పెద్దవీథి దాటలేని బెరుకు వారికి పుస్తకమున చదివి తెలిసికొనవలసినవి కావు. పార్వతీశము సీమకు పోయినది చదువుకొఱకు. నవ్వులు మనకు తెచ్చెను. ప్రకాశ్ గారు పోయినదియు చదువుకొఱకే. వారు తెచ్చినది వెలుతురు పట్టు విద్య.

ఆ విద్య వారితోనే నిలిచిపోలేదు. కాకినాడనుండి మద్రాసుకు వచ్చి వారి యొద్ద చేరిన చిత్తజల్లు పుల్లయ్య గారు కెమేరా పనియు చిత్రనిర్మాణమును నేర్చి, తిరిగి కాకినాడకు పోయి, తమ యింటి ఆవరణముననే భక్తమార్కండేయ అను చిన్న మూకీని తీసి, తామే యముడైరి. ఆ పుల్లయ్య గారే 1933లో సతీసావిత్రి, 1934లో లవకుశ టాకీలను తీసి, పల్లెలనుండి బండ్లు కట్టుకొని జనము వచ్చునట్లు చేసిరి. 1963 నాటి రంగుల లవకుశయు వారు మొదలుపెట్టినదే. వారి కుమారుడు పూర్తిచేసెను. గుడారపు హాళ్ళలో నేలపై కూర్చుండి లవకుశను చూచి కన్నీరు పెట్టిన తెలంగాణపు పల్లెలవారికి, ఆ చిత్రము వెనుక పుల్లయ్య గారును, పుల్లయ్య గారి వెనుక ప్రకాశ్ గారును, ప్రకాశ్ గారి వెనుక ఈలింగ్ చిత్రశాలయు నున్నట్లు తెలియదు. తెలియవలసిన యవసరమును లేదు. భూమిలో పోయిన నీరు బావిలో ఊరినప్పుడు, ఏ వాననీరో యెవ్వరడుగుదురు?

పరదేశపు విద్యను తెచ్చుకొనుట తప్పా యొప్పా యను వాదము మన సాహిత్యమునందును చిరకాలముగా నున్నది. నవల, కథానిక, నాటికలు పడమటినుండి వచ్చినవే. ప్రకాశ్ గారి జీవితమునుబట్టి ఈ వాదమునకు సమాధానము చెప్పుకొనవచ్చును. వారు ఐరోపానుండి కథలు తేలేదు. అక్కడి వేషములు, అక్కడి వీథులు తేలేదు. వెలుతురును వడగట్టుట, నీడను నిలుపుట, ఒక ఫిలుముపై రెండు లోకములను కూర్చుట తెచ్చిరి. తెచ్చినదానిని మడుగులోని కరికి, క్షీరసాగరమునకు, శంతనుని కుమారునికి అప్పగించిరి. ఉలి యే దేశపు ఇనుముతో చేసినదైనను, తాండూరు బండపై చెక్కినప్పుడు తాండూరు బండయే శిల్పమగును.

వెంకయ్య గారు 1941లోను, ప్రకాశ్ గారు 1956లోను కీర్తిశేషులైరి. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చలనచిత్ర రంగమున జీవితకాలపు సేవకు రఘుపతి వెంకయ్య పేర పురస్కారమును నెలకొల్పి తండ్రి పేరును నిలిపెను. కుమారుని పేర అట్టి గుర్తు ప్రజల కంటబడునది లేదు. అంతకంటె శోచనీయమగు మాట యొకటి కలదు. భీష్మప్రతిజ్ఞ మొదలు ప్రకాశ్ గారు తీసిన మూకీలలో ఒక్కటియు నేడు చూచుటకు లభింపదు. నాటి ఫిలుము నైట్రేటు అను పదార్థముతో చేసినది. నిప్పు తగిలిన క్షణములో మండును, నిప్పు తగలకున్నను యేండ్లు గడచుకొలది జిగురై, పొడియై పోవును. ఆట ముగిసిన ప్రతులను అందలి వెండికొఱకు కరగించినవారును కలరు. మనదేశమున 1,300 వరకు మూకీలు తయారైనవి; మిగిలినవి మిక్కిలి స్వల్పము. దక్షిణదేశపు మూకీ కథాచిత్రములలో దాదాపు పూర్తిగా దొరకినది 1933 నాటి మార్తాండవర్మ యొక్కటే. దాని విషయమై న్యాయస్థానమున తగవు నడచుటచేత ప్రతి యొకచోట భద్రపడి, 1974లో పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకు చేరెను. ఆ భాండాగారము స్థాపింపబడినది 1964లో. అప్పటికే ప్రకాశ్ గారు గతించి ఎనిమిదేండ్లు.

కాబట్టి తెలుగువారి తొలి చిత్రదర్శకుని శిల్పమును చూచి మెచ్చుకొను భాగ్యము ఇక నెవ్వరికిని లేదు. తెరపై నెట్టి నీడలు పరచిరో, గరుడుని దిగివచ్చు క్షణము ఎట్లు కుదిరెనో కంటితో చూచినవారు గతించిరి. వారున్నారని, ఈ చిత్రములు తీసిరని నేడు తెలియుచున్నది కాగితముపై మిగిలిన కొలది పుటలవలననే. పత్రికలో పడిన ప్రకటన, ఎవరో వ్రాసికొన్న జ్ఞాపకము, ఎక్కడో బీరువాలో దాగిన పాత సంచిక, ఇవియే ఆధారములు. 16,000 బొమ్మల రీలు కాలిపోయినది. దానిని గూర్చి వ్రాసిన నాలుగు పంక్తులు నిలిచినవి. నాలుగు పంక్తులు నిలుచుటకును వానిని చెదలకు దక్కనీయక, తడియనీయక, పద్దులో వ్రాసి, అరలో నుంచి, అడిగినవారికి తీసియిచ్చు వారెవరో యుండవలెను. ఇరువదియైదేండ్లు పల్లెలో గ్రంథాలయమును నడపుట ఆ పనియే. అనంతగిరి ధారను ఎవ్వరును చూడబోకున్నను ధార ఆగదు గాని, చూడబోవువానికి త్రోవ చూపు గుర్తు ఒకటి దారిలో నుండుట మేలు.